వెలగని వత్తి

"బండి ఆపు."

"ఇక్కడెక్కడ ఆపమంటావ్? వెనకాల దుంగల లారీ తరుముకొస్తోంది."

"వంపు దాటాక ఆపు."

నిబాల్దో వంపు దాటాడు గానీ బండి ఆపలేదు. ఆపితే మాట్లాడాల్సి వస్తుంది. నడుపుతున్నంతసేపూ చేతికి పని ఉంటుంది, కళ్ళకి దారి ఉంటుంది. మొగుళ్ళ కోసం స్టీరింగు కనిపెట్టినవాడు ఎవడో గానీ పుణ్యాత్ముడు.

ఇద్దరి మధ్యా సీటు మీద గళ్ళ రుమాలులో చుట్టిన పొట్లం ఉంది. గురువారం సాయంత్రం ఈ ప్రయాణం కోసం జాకీ వెతుకుతుంటే, పనిముట్ల సంచి అడుగున ఇస్మేనియా చేతికి తగిలింది. ఇవాళ శనివారం. ఈ మధ్యలో ఆమె మొగుడితో అన్న మాటలు మూడంటే మూడు. చారు పొయ్యి మీద ఉంది. ఇస్త్రీ అయింది. బయల్దేరదాం.

అరిచే ఆడదానితో కాపురం చెయ్యొచ్చు. ఎప్పుడూ అరిచే మనిషి అరవడం మానేస్తేనే కాళ్ళు వణుకుతాయి.

కుడిచేతి వైపు పసిఫిక్ సముద్రం మంచులో కలిసిపోయి, ఎక్కడ నీళ్ళో ఎక్కడ ఆకాశమో తెలియకుండా ఉంది. ఎడమ వైపు కొండంతా పోయిన వేసవిలో కాలిపోయిన పైన్ చెట్లు, నల్లగా, కొమ్మల్లేకుండా. కొన్‌స్తితుసియోన్‌లో ఇంటి దగ్గర పొద్దున ఎనిమిదింటికి బయల్దేరారు. మూడు గంటలకల్లా మాయుల్కోలో ఉండాలి. అక్కడ పుట్టింట్లో ఇస్మేనియా తండ్రి, ముసలాయన దొన్ బెలార్మినో ఎదురుచూస్తూ ఉంటాడు.

"ఇస్మే, ఏదో ఒకటి అను. తిట్టు పోనీ."

"తిట్టడానికి నాకు తెలియాలి కదా, దేనికి తిట్టాలో. నువ్వే చెప్పు. వత్తి తెల్లగా ఎందుకుంది?"

"అది వేరే కొవ్వొత్తి."

"వేరేదా?" ఆమె రుమాలు విప్పింది. ఎర్ర పురికొస చుట్టిన లావుపాటి కొవ్వొత్తి బయటపడింది. "ఏడు ముడులు, మూరకొకటి. అయిదో ముడి దగ్గర పురికొస తెగితే నాన్న రెండు పేటలు వేసి కట్టాడు. అవతలి కొస పట్టుకుంది నేనే. మా నాన్న ముడి నాకు తెలియదంటావా?"

నిబాల్దో గేరు మార్చాడు. మార్చాల్సిన పని లేదక్కడ.

మా మాయుల్కోలో వైన్ పులియబెట్టే కొట్టుగది ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి కొవ్వొత్తి ఉంటుంది. ఫిబ్రవరిలో కాండెలారియా మాత పండగనాడు గుడిలో దీవెన చేయించి తెచ్చుకుంటాం. ద్రాక్ష పులిసి, వైన్ దించేశాక చెక్క తొట్టి అడుగున పిప్పి మిగులుతుంది. మనిషి దిగి పారతో ఎత్తిపొయ్యాలి. ఆ పిప్పి మీద ఒక పాడు గాలి కూర్చుని ఉంటుంది. దానికి రంగు లేదు, వైన్ వాసనలో దాని జాడ తెలియదు. దీపాన్ని ఎలా ఆర్పుతుందో మనిషినీ అలాగే ఆర్పుతుంది.

అందుకని ముందు కొవ్వొత్తి దిగాలి, తర్వాతే మనిషి దిగాలి. కొవ్వొత్తి వెలిగించి, పురికొసతో తొట్టి అడుగుదాకా దించి, పైనున్నవాడు మూడుసార్లు "వెలుగుతోంది" అని కేకెయ్యాలి. మూడో కేక విన్నాకే కిందికి దిగేవాడు నిచ్చెన మీద కాలు పెడతాడు. మళ్ళీ ప్రశ్న వెయ్యడు. మా తాతల నాటి నుంచీ అంతే.

ఆరేళ్ళ కింద ఇస్మేనియా అన్న అన్సెల్మో మూడో తొట్టిలోకి దిగాడు. పైన కొవ్వొత్తి పట్టుకున్నది నిబాల్దో. మూడు కేకలూ ఇస్మేనియా చెవులారా విన్నది. అన్సెల్మో మళ్ళీ పైకి రాలేదు. నిబాల్దోయే తాడుకి కొక్కెం కట్టి దించి, ఒక్కడే శవాన్ని లాగాడు, అరచేతుల చర్మం ఊడొచ్చేదాకా. కొవ్వొత్తి బాగానే వెలిగిందనీ, పార గుచ్చాక పిప్పిలోంచి గాలి పైకి తన్నిందనీ చెప్పాడు. ఊరంతా నమ్మింది. కొవ్వొత్తి ఏమైందని ఆ రోజున ఎవరూ అడగలేదు.

ఆ కొవ్వొత్తి ఇదిగో. వత్తి మీద మైనం పూత కూడా చెదరలేదు.

"అగ్గిపెట్టె లేదు," అన్నాడు నిబాల్దో.

"ఏంటి?"

"వెలిగించడానికి నా దగ్గర అగ్గిపెట్టె లేదు." అద్దం మీద మంచు తుడిచాడు. "సిగరెట్ మానెయ్యమని మీ అమ్మ ఫోటో మీద ఒట్టు వేయించుకున్నావ్ గుర్తుందా? ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ చెత్తకుండీలో పడేశావ్. అప్పటికి రెండు వారాలు కాలేదు."

"వంటింట్లో లేవా అగ్గిపుల్లలు?"

"పెరడు దాటి వెళ్ళాలి. బావ కింద గచ్చు మీద పార పట్టుకుని ఒకటే కేకలు. ‘ఏం బావా, అక్కడే గుడ్లు పెడుతున్నావా? వెలుగుతోందా లేదా?’ అని. ముందురోజు అదే తొట్టి ఇద్దరం చూశాం ఇస్మే. నిక్షేపంలా ఉంది. ఒక్క రోజులో ఏమవుతుందిలే అనుకున్నాను. అనేశాను."

"మూడుసార్లు."

"మూడుసార్లు."

దారి మలుపులో చిన్న బొమ్మరిల్లులాంటి గుడి వచ్చింది, ఎప్పుడో ఎవరో చచ్చిపోయిన చోట కట్టింది. ప్లాస్టిక్ పూలు, ఆరిన దీపాలు. ఇటు వెళ్ళే ప్రతివాడూ అక్కడ ఒక్కసారి హారన్ కొడతాడు, చచ్చినవాడికి దణ్ణం పెట్టినట్టు. నిబాల్దో పాతికేళ్ళుగా కొడుతున్నాడు. ఇవాళ కొట్టలేదు. వెనకాల దుంగల లారీ కొట్టింది, పొడుగ్గా.

ఇస్మేనియా తల పక్కకి తిప్పుకుంది. అగ్గిపెట్టెలు పారేసింది నేనే కదా అన్న ఆలోచన లోపల ఎక్కడో ముల్లులా దిగింది. అన్నయ్య చావులో తన చెయ్యి ఉందా? ఆరేళ్ళు ఏడ్చిన ఏడుపంతా దొంగ ఏడుపేనా?

"ఎందుకు దాచావ్ దీన్ని? సముద్రంలో పారేస్తే పీడా పోయేదిగా."

"దీవెన కొవ్వొత్తిని ఎలా పారేస్తాను? పాపం కాదూ?"

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నిబాల్దో నిజంగానే భయపడ్డాడు. "ఓహో. మనిషిని పంపించడానికి రాని పాపం, మైనం పారేస్తే వస్తుందన్నమాట."

"ఇస్మే..."

"ఇవాళ వదిన దిగుతోంది. తెలుసుగా?"

తెలుసు. అదే తొట్టి. ఆరేళ్ళుగా మూత వేసి మేకులు కొట్టిన తొట్టిని ముసలాయన ఈ ఏడు తెరిపించాడు. పంట బాగా వచ్చింది, తొట్లు చాల్లేదు. కూలీలు లేరు. అన్సెల్మో భార్య ఓర్తెన్సియా, "మా ఆయన దిగిన చోట నేను దిగలేనా మామయ్యా" అందట. ముసలాయనకి కళ్ళలో పొరలు. మొహాలు మసకమసకగా తప్ప కనిపించవు. కొవ్వొత్తి పట్టుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. కొడుకు కోసం చేతుల చర్మం ఊడగొట్టుకున్న అల్లుడికంటే నమ్మకమైనవాడు ఎవడు?

ఫోనులో ఆయన అన్నది ఒకటే మాట. "ఆ చెయ్యే కావాలి నాకు."

"ఈసారి సరిగ్గా వెలిగిస్తాను. పదిసార్లు చూస్తాను," అన్నాడు నిబాల్దో. "మీ వదిన ఒంటి మీద ఈగ వాలనివ్వను. నువ్వు మాత్రం నోరు విప్పకు. మామయ్యకి ఏం మిగులుతుంది చెప్పు? కొడుకు ఒకసారి చచ్చాడు. నువ్వు చెప్తే రెండోసారి చస్తాడు."

ఆ మాటలో అబద్ధం లేదు.

* * *

కోబ్కెకురా దగ్గర పెట్రోలు కోసం ఆగారు. అక్కడ తీరానికి దగ్గర్లోనే పెద్ద రాయి ఉంది, దాని నిండా సముద్ర సింహాలు. మంచులో అవి కనిపించడం లేదు, అరుపులే వినిపిస్తున్నాయి. వందమంది ముసలాళ్ళు ఒకేసారి దగ్గుతున్నట్టు ఉంది.

నిబాల్దో బంకు వైపు వెళ్ళాడు. ఇస్మేనియా పొట్లం పట్టుకుని దిగింది. దారి పక్కన ఒకావిడ ఎండిన సముద్రపు నాచుని కట్టలుగా కట్టి అమ్ముతోంది.

"ఏంటమ్మా, మొగుడితో గొడవా?"

"నీకెలా తెలుసు?"

"ఈ రాయి దగ్గర ఆగే జంటలు రెండే రకాలు. ఫోటో దిగేవాళ్ళు, మొహాలు తిప్పుకునేవాళ్ళు. మీ చేతిలో ఫోను లేదు మరి." ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. "ఎక్కడిదాకా?"

"మాయుల్కో. మా నాన్న దగ్గరికి. వైన్ దించుతున్నారు."

నాచు కట్టలు సర్దుతున్న చేతులు ఆగాయి. "ఇవాళా? గాలి ఆడటం లేదు కదమ్మా. నిన్నట్నుంచి ఆకు కదల్లేదు. మా ఆయనదీ మీ వైపే, వైన్ కొట్లో పని చేసేవాడు. గాలి ఆడని రోజున తొట్టి దగ్గరికి పిల్లిని కూడా పోనిచ్చేవాడు కాదు. లోపలున్నది లోపలే ఉంటుందనేవాడు."

ఇస్మేనియా ఒక కట్ట కొంది. ఎందుకు కొందో ఆమెకే తెలియదు. రాళ్ళ మీద కూర్చుని, చేతులకి ఏదో ఒక పని ఉండాలని, పురికొస చుట్లు విప్పుతూ ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక ముడి, రెండు, మూడు. రుమాలు దులిపింది, మడత పెడదామని.

మడతలోంచి ఏదో జారి రాయి మీద పడింది.

అగ్గిపెట్టె.

ఆమె దాన్ని వెంటనే తియ్యలేదు. తర్వాత తీసి, తోసి చూసింది. ఏడు పుల్లలు. పక్కన విరిగిన సిగరెట్ ముక్క ఒకటి, పొగాకు రాలి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె బుట్ట ఎత్తుకుని కొట్లోకి వచ్చింది. పైన చెక్క బల్ల మీద నిబాల్దో వంగి ఉన్నాడు. ఆమె అడుగుల చప్పుడు విని చటుక్కున చెయ్యి జేబులోకి పోనిచ్చాడు, ఈ గళ్ళ రుమాలుతో సహా. చెమట తుడుచుకున్నాడనుకుంది. తర్వాత ఆమెని చూసి నవ్వి, కిందికి తల తిప్పి కేకేశాడు. వెలుగుతోంది. వెలుగుతోంది. వెలుగుతోంది.

అగ్గిపెట్టె ఉంది. పుల్ల గియ్యబోయాడు. పెళ్ళాం చూస్తే సిగరెట్ మానలేదని తెలిసిపోతుందని గియ్యలేదు.

దీనికా? దీనికా అన్నయ్య పోయింది? నా నోటికి జడిసి ఒక మనిషి ప్రాణం తీస్తావా? ఇస్మేనియాకి ఏడవాలనిపించింది, ఆ రాళ్ళ మీద దొర్లి ఏడవాలనిపించింది. కన్నీళ్ళు రాలేదు. రాయి మీద సింహాలు మాత్రం ఊరుకోకుండా అరుస్తూనే ఉన్నాయి.

"ఇస్మే! రొయ్యల ఎంపనాదాలు తెచ్చాను, వేడిగా ఉన్నాయి!"

ఆమె పురికొసని మళ్ళీ కొవ్వొత్తికి చుట్టి, రుమాలు కట్టి, అగ్గిపెట్టెని చేతిసంచిలో వేసి జిప్పు లాగింది.

* * *

సముద్రం వదిలి బండి లోపలి కొండల్లోకి తిరిగింది. నిబాల్దోకి నోరు వచ్చింది. నిజం చెప్పేసినవాడికి వచ్చే తేలిక అది. కజ్జికాయలాంటి ఆ ఎంపనాదా తింటూ, ఒక చేత్తో నడుపుతూ, ఏదేదో మాట్లాడుతున్నాడు.

"మీ వదిన ఇంకా ఆ ఎర్ర కోళ్ళని పెంచుతోందా? మామయ్యకి కళ్ళ ఆపరేషన్ చేయిద్దాం ఇస్మే, నేను ఉంటాను పక్కన. ఈ పంట అయ్యాక మనం ఇక్కడే ఉండిపోదాం. కోతమిల్లులో నాకేముంది? రంపం చప్పుడు తప్ప."

ఆమె తినలేదు. ఎంపనాదా ఒళ్ళో చల్లారిపోయింది. దాని నూనె లంగా మీద మరక పడింది.

కొండల మీద ద్రాక్ష తీగలు మొదలయ్యాయి. పందిళ్ళు లేకుండా నేల మీదే ముడుచుకుని ఉండే ముసలి తీగలు. ఆకులు ఎర్రబడ్డాయి. ఒక్క ఆకూ కదలడం లేదు. అద్దం దించి చెయ్యి బయటపెట్టింది. బండి వేగానికి తగిలే గాలి తప్ప గాలి లేదు.

ఒక్క అవకాశం ఇవ్వాలనుకుంది. ఇరవై ఏళ్ళ కాపురానికి ఆ మాత్రం ఇవ్వకూడదా? మనిషన్నాక తప్పు చేస్తాడు. నిజం చెప్తే వదిన కాళ్ళ మీద ఇద్దరం కలిసి పడదాం. నాన్నకి చెప్పాలో వద్దో ఇద్దరం కలిసే ఆలోచిద్దాం.

"ఒక మాట అడుగుతాను. నిజం చెప్తావా?"

"చెప్పాగా అంతా."

"ఆ రోజు నీ దగ్గర నిజంగా అగ్గిపెట్టె లేదా?"

నిబాల్దో ఆమె వైపు చూశాడు. దారి వైపు చూశాడు. "లేదన్నానుగా."

"మళ్ళీ చెప్పు."

"లేదు ఇస్మే. ఉంటే వెలిగించనా? బావ ఆత్మ మీద ఒట్టు. నువ్వు పారేసిన వాటిలో ఒక్కటి ఉన్నా బావ బతికేవాడు. అలా అని నేను నిన్ను ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా? ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నాను."

నింద మోయడం వేరు. మోస్తున్నానని చెప్పి అవతలివాళ్ళ నెత్తిన పెట్టడం వేరు. ఇస్మేనియాకి ఆ క్షణాన మొగుడి మీద కోపం కూడా పోయింది. కోపం పోయాక మిగిలినదానికి ఆమె దగ్గర పేరు లేదు.

"లేదు. ఎప్పుడూ అనలేదు," అంది.

నిబాల్దో ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాడు. అరచేతిలో తాడు కోసిన మచ్చ గరుకుగా తగిలింది. ఆరేళ్ళుగా ఆ మచ్చని ఎన్నిసార్లు ముద్దు పెట్టుకుందో ఆమె లెక్క చెప్పలేదు.

* * *

మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. పెరట్లో దొన్ బెలార్మినో కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు. బండి చప్పుడుకే మొహం ఇటు తిప్పాడు.

"ఆలస్యం చేశావేం అల్లుడూ? చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, నా కొడుక్కి నిజంగానే చారెడేరా. నా కళ్ళే చింతగింజలైపోయాయి. చెయ్యి ఇటివ్వు."

నిబాల్దో చెయ్యి అందుకుని, మచ్చ మీద బొటనవేలితో రాశాడు. మనిషిని గుర్తుపట్టే పద్ధతి అది ఆయనకి. "ఆఁ. నువ్వే."

ఓర్తెన్సియా కొట్లోంచి వచ్చింది. మొగుడి రబ్బరు బూట్లు వేసుకుంది. కాలికి సరిపోవడానికి లోపల కాగితాలు కుక్కింది, నడుస్తుంటే బుడుక్ బుడుక్ మంటున్నాయి. ఇస్మేనియాని గట్టిగా కావలించుకుంది.

"ఏంటమ్మాయ్, పాలిపోయావ్? దారిలో వాంతులా? ఈ వయసులో శుభవార్తా ఏంటి కొంపదీసి?"

"వదినా, ఇవాళ వద్దు. గాలి ఆడటం లేదు."

"గాలి ఆడితే మీ ఆయన కొవ్వొత్తి ఎందుకు? ఆయన కేక కోసమేగా కూర్చున్నాం పొద్దుట్నుంచీ." నిబాల్దో వైపు తిరిగి, "ఏం అన్నయ్యా, గొంతు సవరించుకున్నావా? నాకు చెవుడు వస్తోంది, గట్టిగా అరవాలి," అని నవ్వింది. ఆ నవ్వు చివర పెదవి వణికింది.

కొట్లో చల్లగా, చీకటిగా, తియ్యగా పులిసిన వాసన. మూడో తొట్టి మూత తీసి ఉంది. పై బల్ల మీదకి నలుగురూ ఎక్కారు. ఓర్తెన్సియా తొట్టి అంచు మీద కూర్చుని, ఒక కాలు నిచ్చెన వైపు వేలాడేసింది.

దొన్ బెలార్మినో కోటు జేబులోంచి కొత్త కొవ్వొత్తి తీశాడు. ఈ ఏటి దీవెనది. కొత్త పురికొస, కొత్త ముడులు. రెండు చేతులతో అల్లుడి చేతిలో పెట్టాడు.

"కళ్ళు లేని చేతులతో కట్టాను. ఎలా కుదిరాయో మరి. కానియ్యి. అగ్గిపెట్టె?"

నిబాల్దో చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది చూడ్డానికి. "నా దగ్గరెక్కడిది మామయ్యా. సిగరెట్ మానేసి ఆరేళ్ళయిందిగా."

"ఉండు, వంటింట్లోంచి తెస్తాను," అని ఓర్తెన్సియా లేవబోయింది.

"అక్కర్లేదు వదినా."

ఇస్మేనియా చేతిసంచి జిప్పు లాగింది. ఆ నిశ్శబ్దంలో జిప్పు చప్పుడు పెద్దగా వినిపించింది. అగ్గిపెట్టె తీసి మొగుడి అరచేతిలో, మచ్చ మీద పెట్టింది.

"నీదే. ఏడు పుల్లలున్నాయి."

నిబాల్దో మొహంలో రక్తం లేదు. నోరు తెరిచాడు. చేతిలో అగ్గిపుల్లలు డబ్బాలో గలగలలాడుతున్నాయి.

"ఏంటమ్మా? ఏంటది?" ముసలాయన గొంతు మారింది.

ఆమె రుమాలు పొట్లం విప్పి, కొవ్వొత్తిని తండ్రి చేతుల్లో పెట్టింది.

దొన్ బెలార్మినో వేళ్ళు పురికొస మీద పాకాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదో ముడి దగ్గర ఆగాయి. రెండు పేటల ముడి. దాన్ని వేళ్ళ మధ్య పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెయ్యి కొవ్వొత్తి చివరికి వెళ్ళింది. వత్తి నిటారుగా, బిరుసుగా ఉంది. గోటితో గీకాడు. మైనం పొలుసు రాలింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, మసి వాసన ఉందేమోనని.

కింద గచ్చు మీద ఎక్కడో వైన్ చుక్క చుక్కగా కారుతోంది.

"మామయ్యా," అన్నాడు నిబాల్దో. "నేను... ఇస్మే చూస్తుందని..."

"ఓర్తెన్సియా, ఇవతలికి రా."

"ఏమైంది మామయ్యా? దిగొద్దా?"

"నువ్వు కాదు. బూట్లు విప్పు."

ఓర్తెన్సియా ముసలాయన చేతిలో కొవ్వొత్తి వైపు చూసింది. ఎర్ర పురికొస చూసింది. ఆమెకి అర్థమైంది. బల్ల మీద కూలబడి, నిబాల్దో వైపు చూస్తూ ఒక్కొక్క బూటే లాగింది. కుక్కిన కాగితాలు బయట పడ్డాయి.

"అల్లుడూ. వేసుకో."

నిబాల్దో వేసుకున్నాడు. బూట్లు సరిగ్గా సరిపోయాయి. అగ్గిపెట్టెని ముసలాయన చేతికి ఇవ్వబోయాడు. ఆయన అందుకుని, తెరవకుండానే చొక్కా జేబులో వేసుకుని బొత్తం పెట్టుకున్నాడు.

ఆ పాత కొవ్వొత్తినే, వెలిగించకుండా, తొట్టిలోకి దించడం మొదలుపెట్టాడు. ఒక్కో ముడీ వేళ్ళ మధ్యనుంచి జారింది. ఏడో ముడి దగ్గర ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"వెలుగుతోంది," అని కేకేశాడు.

నిబాల్దో తొట్టి అంచు దాటి నిచ్చెన మీద కాలు పెట్టాడు. మూడో కేక వినకుండా కాలు పెట్టకూడదన్న సంగతి అతనికి తెలుసు.

"వెలుగుతోంది."

రెండో కాలు కూడా పెట్టాడు. తల మాత్రం అంచుకి పైన ఉంది. అతను తొట్టి అడుగు వైపు చూడటం లేదు, పెళ్ళాం వైపే చూస్తున్నాడు.

ఆపు నాన్నా అనాలి ఇస్మేనియా. అనాలనే అనుకుంది.

ముసలాయన మూడోసారి అనలేదు. పురికొస అలాగే పట్టుకుని, కూతురు నిలబడ్డ వైపు మొహం తిప్పాడు.

"మూడోది నువ్వను తల్లీ," అన్నాడు.